కొత్త ఆర్‌సీ కారు వస్తోందని కంపెనీ ముందే చెప్పాలా?

హాయ్ అండీ, అందరికీ నమస్తే. వాషింగ్ మెషీన్‌లో బట్టలు వేసేసి, నేనూ మా అబ్బాయీ గ్యారేజ్‌లోకి వచ్చేశాం. శనివారం పొద్దున ఈ రెండు గంటలూ మాకు ఆర్‌సీ కార్ల టైమ్, అంటే రిమోట్‌తో నడిపే చిన్న కార్లన్నమాట.

బల్ల మీద కనిపిస్తున్నది 1/10 స్కేల్ బగ్గీ, అంటే మట్టిదారుల్లో తిరిగే కారుకి పదో వంతు సైజు నమూనా. కిట్ కొని, నాలుగు వారాలు శని ఆదివారాలు కూర్చుని బిగించుకున్నాం. మలుపుల్లో రెండు పక్కల చక్రాలూ వేర్వేరు వేగంతో తిరగనిచ్చే డిఫరెన్షియల్‌లో సిలికాన్ ఆయిల్ పోసింది మావాడే. కుదుపులు తగ్గించే షాక్‌లలో గాలి బుడగలన్నీ పైకి తేలేదాకా పిస్టన్‌ని మెల్లగా ఆడించిందీ వాడే. ఆఖరి స్క్రూ బిగించి మూడు వారాలు తిరగలేదు, అదే కంపెనీ కొత్త మోడల్ దించేసింది. ముందుగా ఒక్క మాట లేదు.

"ఏవండీ, ఒక్క రెండు నెలలు ఆగి ఉంటే కొత్తదే వచ్చేది కదా?" అంది మా ఆవిడ. ఆగేవాడినే, తెలిస్తే కదా.

కెమెరా కాస్త దగ్గరికి పెడతాను, చూడండి. ఇది మా బగ్గీ ముందు ఆర్మ్, చక్రాన్ని కారుకి కలిపి ఉంచే పార్ట్. పక్కనున్నది కొత్త మోడల్‌ది, ట్రాక్‌లో ఒక ఫ్రెండ్‌ని అడిగి తెచ్చాను. చూడ్డానికి రెండూ ఒక్కలాగే ఉన్నాయా? ఇప్పుడు ఆర్మ్‌ని కారుకి బిగించే సన్నటి కడ్డీ, హింజ్ పిన్, దూరుస్తున్నాను. మాదాంట్లో సాఫీగా వెళ్లిపోయింది. దీంట్లో వెళ్లదు, రంధ్రం సన్నం. రేపు మావాడు గోడకు గుద్ది ఆర్మ్ విరగ్గొడితే కొత్తది పనికిరాదు. పాతది ఎన్నాళ్లు తయారుచేస్తారో ఎవరూ చెప్పలేదు. నా బాధంతా అదే.

అలాగని, ముందే చెబితే నష్టపోతామన్న కంపెనీల భయాన్ని కొట్టిపారేయలేం. రాబోయే కంప్యూటర్ గురించి ముందే చెప్పేయడంతో జనం ఉన్నదాన్ని కొనడం మానేశారని, 1983లో దివాలా తీసిన ఆస్బోర్న్ కంపెనీ గురించి వ్యాపార పాఠాల్లో ఇప్పటికీ చెబుతారు. అసలు కారణాలు ఇంకా ఉన్నాయని వాదించేవాళ్లూ ఉన్నారు. షాపువాళ్ల అరల్లో పాత కిట్లు మిగిలిపోతాయన్నదీ నిజమైన నష్టమే. పైగా పేటెంట్ సంగతొకటి. యూరప్‌లో దరఖాస్తు చేయకముందే డిజైన్‌లోని కొత్తదనాన్ని బయటపెడితే, సాధారణంగా పేటెంట్ హక్కు పోతుంది. అమెరికాలో ఏడాది గడువుంటుంది. కాబట్టి దరఖాస్తు వేసేదాకా నోరు మూసుకోవడం న్యాయమే.

కానీ ఆ తర్వాత కూడా దాచడం దేనికండీ? ప్రోటోటైప్‌లు, అంటే పరీక్ష కోసం చేసిన కార్లు, రేసుల్లో తిరుగుతూనే ఉంటాయి. ట్రాక్ పక్కన కార్లు సరిచేసుకునే పిట్‌లో, పైనున్న బాడీ షెల్ తీయగానే పదిమంది ఫోన్‌లు పైకి లేస్తాయి. కంపెనీ చెప్పకపోతే పుకారు చెబుతుంది, అంతే తేడా.

డిజైన్ తెలిసిపోతే మోజు పోతుందనేది కూడా నేను ఒప్పుకోను. జపాన్ కంపెనీ టమియా 1984లో తెచ్చిన హార్నెట్ బగ్గీని 2004లో మళ్లీ విడుదల చేసింది. ఇరవై ఏళ్లుగా అందరూ చూసిన కారది, అందులో గోరంత రహస్యం లేదు. అయినా ఇష్టపడి కొనుక్కున్నవాళ్లు ఎందరో. అదే కంపెనీ జపాన్‌లో జరిగే షిజువోకా హాబీ షోలో రాబోయే కిట్లను ముందుగానే అద్దాల వెనక పెట్టి చూపిస్తుంది.

ఎప్పుడు చెప్పాలన్నదే అసలు చిక్కు. ప్లాస్టిక్ పార్ట్‌లకు స్టీల్ అచ్చులు చేయించాలి, అవి బోలెడు ఖరీదు. అచ్చు తయారయ్యాక మార్పులు చేయడం కష్టం. మన సలహాలు నిజంగా కావాలంటే అంతకుముందే అడగాలి. అమ్మకానికైతే ఒకటి రెండు నెలల ముందు చెబితే చాలు. ఏడాది ముందు ఫోటో చూపించి, తేదీ జరుపుకుంటూ పోతే అది ఇంకా ఘోరం. చెప్పేటప్పుడు ఫోటో ఒక్కటే కాదు, పాత కారులోంచి ఏయే పార్ట్‌లు దీనికి సరిపోతాయో, పాతవి ఎన్నాళ్లు అమ్ముతారో కూడా చెప్పాలి. నాలాంటివాడికి ఆ జాబితా చాలు. అది చేతిలో ఉంటే పాత మోడల్ కూడా ధైర్యంగా కొంటాను.

ఇదిగో, ముందు ఆర్మ్‌లు రెండు జతలు, వెనకవి ఒక జత తెప్పించేశాం. "డాడీ, దీని మీద ఏ కారుదో రాయనా?" అంటున్నాడు. రాయి నాన్నా, పెద్దక్షరాలతో రాయి. బ్యాటరీ చార్జింగ్ అయిపోయింది, మేం ట్రాక్‌కి బయలుదేరుతున్నాం.