విరాళం అందాక ఏం రాస్తున్నాం?

అందరికీ నమస్కారం. మీ సేవాసంస్థలకు విరాళాలు ఎలా అడగాలో చెప్పమని నన్ను పిలిచారు. అడగడం గురించి కొంత చెప్తాను. కానీ డబ్బు చేతికొచ్చాక దాతతో ఏం మాట్లాడతామన్నది నాకు అంతకన్నా ముఖ్యం. ఒకసారి ఇచ్చినవాళ్లు రెండోసారి ఎందుకు ఇవ్వలేదో ఆరా తీయండి. చాలామంది చెప్పేది ఒకటే: "మళ్లీ మీ నుంచి కబురే లేదండీ."

ముందు అడగడం సంగతి. 1921లో గాంధీజీ కాకినాడ వచ్చినప్పుడు, తర్వాత ఆంధ్ర మహిళా సభ స్థాపించిన దుర్గాబాయి దేశ్‌ముఖ్‌కి పన్నెండేళ్లు కూడా నిండలేదు. దేవదాసీలు, పరదా చాటున ఉండే ముస్లిం స్త్రీలు ఆయన్ని కలవాలని ఆ పిల్ల పట్టుదల. అయిదు వేల రూపాయల నిధి ఇస్తే కాస్త సమయం ఇప్పిస్తామన్నారు స్థానిక పెద్దలు. ఆ డబ్బు సమకూర్చింది ఆ దేవదాసీ స్త్రీలే. సభలో ఆడవాళ్లు ఒంటి మీది నగలు కూడా తీసి ఇచ్చారు. దేనికోసం, ఎంత కావాలి అన్నది ఆ పిల్ల దగ్గర స్పష్టంగా ఉంది. సమాజం చిన్నచూపు చూసినవాళ్లను చెయ్యి చాచేవాళ్లుగా కాక, ఇవ్వగలవాళ్లుగా చూసింది.

మన కరపత్రాలు చూడండి. "పేద విద్యార్థుల ఉజ్వల భవిష్యత్తుకు చేయూతనివ్వండి." దీని కింద ఏ సంస్థ పేరు వేసినా సరిపోతుంది. అదే ఇలా రాస్తే? "మా ట్యూషన్ సెంటర్‌లో సాయంత్రం కరెంటు పోతే పిల్లల్ని ఇంటికి పంపేస్తున్నాం. ఇన్వర్టర్‌కి, బ్యాటరీకి 28,000 అవుతుంది. ఊళ్లోవాళ్లు 12,000 ఇచ్చారు. మిగతాది పదో తరగతి పరీక్షలలోపు కావాలి." చదివినవాళ్లకు లెక్క తెలిసింది, గడువు తెలిసింది, ఊరు ముందే చెయ్యి వేసిందనీ తెలిసింది. పిల్లాడి చిరిగిన చొక్కా ఫొటోతో పని లేదు. అసలు ఆ ఫొటోలు మానేద్దామని గట్టిగా అడుగుతున్నాను. ఆ పిల్లాడు రేపు కాలేజీకి వెళ్తాడు, వాడి చేతిలోనూ ఫోన్ ఉంటుంది.

ఇక పన్ను మినహాయింపు. చాలామంది దాన్నే పెద్దక్షరాల్లో వేస్తున్నారు. కొత్త పన్ను విధానం ఎంచుకున్న జీతగాళ్లకు, 80జీ పేరుతో అందరికీ తెలిసిన ఈ విరాళాల మినహాయింపు వర్తించదు. పాత విధానంలో ఉన్నవాళ్లకైనా 2,000 దాటి నగదు ఇస్తే రాదు. కాబట్టి దాన్ని చివర్లో ఒక వాక్యంగా ఉంచండి. సర్టిఫికెట్ మాత్రం దాత అడిగేదాకా ఆగకుండా పంపండి. రిటర్న్ వేసే టైమ్‌లో మీకు నాలుగుసార్లు ఫోన్ చేయాల్సి వస్తే ఆయన వచ్చే ఏడు ఇంకెవరికో ఇస్తాడు.

అమెరికాలో ఉన్న మనవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో అకౌంట్ నంబర్ పెట్టేముందు ఒక్క నిమిషం ఆగండి. భారత పాస్‌పోర్ట్ ఉన్న ఎన్నారై తన సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవారైతే, ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివారికి మన ప్రభుత్వం ఇచ్చేది) ఉన్నా సరే, వస్తుంది. అప్పుడు మీకు ఎఫ్‌సీఆర్‌ఏ, అంటే విదేశీ విరాళాల నియంత్రణ చట్టం కింద అనుమతి ఉండాలి, డబ్బు మొదట ఢిల్లీలోని ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచ్‌లో మీ ఖాతాకే రావాలి. మన ఊరి మనిషే కదా అని తీసేసుకుంటే సంస్థకే ముప్పు. ఈ మాట మెసేజ్‌లోనే రాయండి. నిబంధన చెప్పినందుకు ఎవరూ నొచ్చుకోరు, పైగా నమ్మకం పెరుగుతుంది.

డబ్బు అందిన రెండు రోజుల్లో దాత పేరుతో నాలుగు వాక్యాలు పంపండి. మూడు నెలలకు ఇంకో ఉత్తరం: ఇన్వర్టర్ కొన్నామా, ఎంత ఖర్చయింది, ఎంత మిగిలింది. పని ఆలస్యమైతే ఎందుకైందో కూడా రాయండి. ఈ రెండో ఉత్తరంలో మళ్లీ డబ్బు అడగొద్దు. ఆఫీసులో ఉన్నది ఇద్దరే, టైమ్ ఎక్కడిదండీ అంటారు, నాకు తెలుసు. వందమందికి పోస్టర్ పంపే టైమ్‌లోంచే తీసుకోండి.

మీరు తెచ్చిన ఫైళ్లలో కరపత్రాలు పక్కన పెట్టి, కిందటేడు దాతలకు రాసిన ఉత్తరాలు బయటికి తీయండి. ఒక్కొక్కటీ చదువుదాం.