బాడీ బటర్‌లో నీళ్ళు వద్దు

శ్రోతలకు నమస్కారం. చలి ముదిరింది, కాళ్ళూ చేతులూ గోరు తగిలితే చాలు తెల్లగీత పడుతోంది, కాబట్టి ఈ పూట ఇంట్లో చేసుకునే బాడీ బటర్ గురించి మాట్లాడుకుందాం. షాపులో చిన్న డబ్బా ధర చూసి కళ్ళు తేలేసినవాళ్ళకీ, ఫోన్లో వీడియో పెట్టుకుని స్టవ్ దగ్గర నిలబడినవాళ్ళకీ పనికొస్తుంది. నాకిచ్చిన టైము తక్కువ, అన్ని రకాలూ ఏకరువు పెట్టను. నాకిష్టమైనది ఒకటి చెబుతా, మీరు తప్పక పట్టించుకోవాల్సింది ఒకటి చెబుతా.

పేరులో బటర్ ఉంది కానీ అందులో పాలవెన్న ఏమీ ఉండదు. గింజల నుంచి తీసిన గడ్డకొవ్వు ఒకటి, మామూలు నూనెలు ఒకటో రెండో, కాస్త సువాసన. అంతే సరుకు. క్రీముల్లో నీళ్ళుంటాయి, దీన్లో చుక్క ఉండదు. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, మళ్ళీ ఇక్కడికే వస్తాను.

ఇప్పుడు అందరి నోటా వినపడేది షియా బటర్. పశ్చిమ ఆఫ్రికాలో, ఘనా ఉత్తర ప్రాంతంలో, బుర్కినా ఫాసోలో ఆడవాళ్ళు షియా చెట్టు గింజలేరి, ఉడకబెట్టి, ఎండబెట్టి, వేయించి, నూరి, నీళ్ళు పోసి చేత్తో పిసికి పిసికి కొవ్వును పైకి తేలుస్తారు. ఆ చెట్టూ మన ఇప్పచెట్టూ ఒకే కుటుంబం. ఆదిలాబాద్ వైపు గోండు గూడేల్లో ఇప్పగింజల నూనె వంటకీ వాడారు, ఒంటికీ రాసుకున్నారు, చలికి అదీ పేరుకుంటుంది. అయినా సముద్రం దాటొచ్చిన డబ్బా మీదే మనకు మోజు! సరే, అదలా ఉంచండి.

నాకిష్టమైనది కోకం. రత్నగిరి, సింధుదుర్గ్, గోవా వైపు కొంకణ తీరమంతా పెరిగే చెట్టు. ఊదారంగులో చిన్న చిన్న పండ్లు. తొక్క ఎండబెట్టి పులుసుల్లో, సోల్‌కఢీ అనే కొబ్బరిపాల పానీయంలో వేస్తారు. గింజలు పారెయ్యరు, అసలు సంగతి వాటిలోనే ఉంది. ఎండబెట్టి, పెంకు తీసి, దంచి, ఆ పిండిని నీళ్ళలో మరిగిస్తే కొవ్వు పైకి తేలుతుంది. దాన్ని తోడి, చల్లారుతుండగానే అరచేతుల్లో పట్టి ముద్దలు చేస్తారు. అక్కడి సంతల్లో ఆ ముద్దలు అమ్ముతారు, మడమలు పగిలితే కాస్త వేడిచేసి ఆ పగుళ్ళలో రాస్తారు. ముద్ద చేతిలోకి తీసుకుంటే గట్టిగా, పొడిపొడిగా రాలేట్టు ఉంటుంది, ఇదేం రాసుకుంటాం అనిపిస్తుంది. చర్మం మీద రుద్దుతూ ఉంటే మెల్లగా లొంగుతుంది. జిడ్డు తక్కువ, సొంతవాసన దాదాపు లేదు, అందుకే మనం కలిపిన వాసన చెడకుండా నిలుస్తుంది.

మన ఎండలకి కోకమే ఎందుకంటారా? కొబ్బరినూనె 24 డిగ్రీలకే కరిగిపోతుంది, చాక్లెట్లలో వేసే కోకో బటర్ 34 దగ్గర. కోకం 38 దాటితేగానీ కరగదు. రామగుండం ఎండాకాలానికి ఏదీ ఆగదనుకోండి, కానీ మిగతా నెలల్లో డబ్బా తెరిస్తే నూనె కాకుండా బటరే కనపడుతుంది.

చేసే పద్ధతి ఇది. 100 గ్రాములకి కోకం 35, కొబ్బరినూనె 35, నువ్వులనూనె 30. వేడినీళ్ళ గిన్నెలో ఇంకో గిన్నె పెట్టి కోకం కరిగించండి, నేరుగా మంట మీద వద్దు. నూనెలు కలిపి దించి, తొందరగా చల్లార్చండి, గిన్నెని ఐసునీళ్ళలో ఉంచినా సరే, లోపలికి నీళ్ళు చిందకూడదు అంతే. అంచులు తెల్లబడగానే కవ్వంతోనో బీటర్‌తోనో గిలక్కొట్టండి, చూస్తుండగానే మీగడలా పొంగుతుంది. నిదానంగా చల్లారితే, ముఖ్యంగా షియాతో చేసినప్పుడు, రవ్వరవ్వగా తగులుతుంది. పాడైందని కంగారుపడకండి, మళ్ళీ కరిగించి త్వరగా చల్లారిస్తే సరి.

వాసనకి నా ఓటు వట్టివేళ్ళకి. బాగా ఎండినవి కత్తిరించి, ఆ నువ్వులనూనెలోనే వేసి, వేడినీళ్ళ గిన్నెలో సన్నని సెగ మీద గంటో గంటన్నరో ఉంచి, గుడ్డలో వడకట్టండి. ఘాటుండదు, రాసుకున్నవాళ్ళకే తెలుస్తుంది. సీసాల్లో వచ్చే సుగంధ తైలాలు వాడితే 100 గ్రాములకి ఒక గ్రాము, అంటే సుమారు 20 చుక్కలు, మించొద్దు. నిమ్మతొక్క తైలం మాత్రం వద్దు, అది రాసుకుని మన ఎండలో తిరిగితే చర్మం కమిలి నల్లమచ్చలు పడొచ్చు. పసిపిల్లలకైతే కర్పూరం కలిపింది దగ్గరికి కూడా రానివ్వకండి.

మరి మల్లెపూలో? పచ్చిపూలు నూనెలో వేస్తే పూలతోపాటు నీళ్ళూ వస్తాయి. ఉత్తరప్రదేశ్‌లో పాతకాలం నుంచీ వేరే దారి తొక్కారు. నువ్వుల మీద ఒక వరస పూలు, మళ్ళీ నువ్వులు, మళ్ళీ పూలు పేర్చి, వాడినవి తీసేసి కొత్తవి వేస్తూ పోతే నువ్వులే వాసన పట్టేస్తాయి. ఆ తర్వాత గానుగాడతారు. ఎంత తెలివో చూడండి, నూనెలో పువ్వు పడనే లేదు.

అదిగో, చెప్పాల్సిన మాటకి వచ్చాం. నీళ్ళు వద్దు. కలబంద గుజ్జు నీళ్ళే. రోజ్‌వాటర్ నీళ్ళే. తేనె, పెరుగు, తాజా పసుపుకొమ్ము రసం, అన్నీ నీళ్ళే. నీళ్ళు చేరితే బూజూ బాక్టీరియా చేరతాయి, పైకి కనపడేదాకా మీకు తెలియదు. "విటమిన్ ఇ క్యాప్సూల్ వేశాం కదండీ" అంటారు. అది నూనె కమటు వాసన పట్టకుండా కొంత ఆపుతుంది, అంతే. బూజుని ఆపదు. ఫ్రిజ్‌లో పెట్టినా ఆలస్యమవుతుందేగానీ ఆగదు. వాట్సాప్‌లో అమ్మకాలు మొదలుపెడదామనుకునే వాళ్ళు ఒక మాట వినండి, మన దేశంలో సౌందర్య సాధనాలు తయారుచేసి అమ్మాలంటే లైసెన్సు కావాలి, 2020 నాటి కాస్మెటిక్స్ రూల్స్ ఉన్నాయి. ఇంట్లోకి చేసుకోవడానికి ఏ టెన్షనూ లేదు.

నీళ్ళు ఉండాల్సిన చోటు వేరే ఉంది, అది మీ ఒళ్ళు. బటర్ తనంతట తాను తేమ ఇవ్వదు, ఉన్న తేమని పోనివ్వదు, అంతే దాని పని. పొడిబారిన కాలికి ఎంత రుద్దినా జిడ్డే మిగులుతుంది. స్నానం అయ్యాక తువ్వాలుతో పైపైన అద్ది, చెమ్మ ఆరకముందే శనగగింజంత తీసి రాయండి. మొదటిసారైతే మోచేతి లోపలివైపు కొంచెం రాసి ఒక రోజు చూడండి. డబ్బాలోంచి తడిచేత్తో తీయకండి, పొడి చెంచా ఒకటి దానికే కేటాయించండి. డబ్బా బాత్‌రూమ్‌లో కాదు, పడకగది అలమరలో పెట్టుకోండి. నమస్కారం.