పాత ఫ్లాట్‌లో జీఐ పైపులు: గోడ పగలగొట్టే ముందు, మూసే ముందు

తెరపై: కోసి తీసిన అరంగుళం జీఐ పైపు ముక్క. కెమెరా పైపు లోపలికి.

ఇది ఒక పాత ఫ్లాట్ బాత్రూం గోడలోంచి తీసిన పైపు ముక్క. పైన చూస్తే గట్టిగానే ఉంది. ఒకసారి లోపలికి చూడండి. అరంగుళం ఉండాల్సిన దారిలో ఇప్పుడు పెన్సిల్ కూడా కష్టంగా దూరుతుంది. అంచుల చుట్టూ తుప్పు, దాని మీద బోరు నీళ్ల సున్నం, ఆపైన మళ్లీ తుప్పు. మీ షవర్‌కి వచ్చే నీళ్లు ఇందులోంచే రావాలి.

నమస్కారం. 1980ల్లో, 90ల్లో హైదరాబాద్, విజయవాడ, విశాఖల్లో కట్టిన చాలా అపార్ట్‌మెంట్లలో ఇవే పైపులు. జీఐ అంటే జింకు పూత పూసిన ఇనుప పైపు. పూత ఉన్నంతకాలం ఇనుముకి భయం లేదు. కానీ నీళ్లు ఆ పూతను కొద్దికొద్దిగా తినేస్తాయి. నీళ్ల వేడి 60 డిగ్రీలు దాటితే ఇనుమును కాపాడే శక్తి జింకుకి తగ్గిపోతుంది. అందుకే చాలా ఇళ్లలో ముందు పాడయ్యేది గీజర్ లైనే.

తెరపై: ఎల్బో దగ్గర మరలు, తుప్పు మరక.

లీకు ఎక్కువగా మొదలయ్యేది ఇక్కడే, ఎల్బో అంటే పైపు మలుపు తిప్పే ముక్క దగ్గర. మరలు కోసిన చోట పైపు మందం తగ్గుతుంది, పూతా పోతుంది. ప్లంబర్ వచ్చి ఈ ఒక్క ఎల్బో మార్చి వెళ్తాడు. రెంచీతో బిగించేటప్పుడు ఆ ఒత్తిడి అటూ ఇటూ ఉన్న పాత జాయింట్ల మీద పడుతుంది. కొన్నాళ్లకు ఇంకో చోట చెమ్మ. దయచేసి ఈ అతుకుల పనికి డబ్బు పోయకండి. ఒకచోట పైపు తుప్పు తినేసి కారిందంటే, అదే వయసున్న లైన్ అంతా అదే దారిలో ఉందని అర్థం. మార్చేటప్పుడు ఆ బాత్రూం వేడి లైన్, చల్ల లైన్ రెండూ మొత్తం మార్చండి.

పై అంతస్తు వాళ్లకు ఇంకో మాట. ట్యాంకు నుంచి 10 మీటర్లు కిందికి వస్తే సుమారు ఒక కేజీ ప్రెషర్, అంటే చదరపు సెంటీమీటరుకి ఒక కేజీ ఒత్తిడి, వస్తుంది. మీ షవర్‌కి, ట్యాంకుకి మధ్య మూడు మీటర్లే ఉంటే 0.3 కేజీ. అంత తక్కువ ప్రెషర్‌తో ఈ పూడుకుపోయిన పైపులో నీళ్లు ఎలా వస్తాయి? ప్రెషర్ పంపు పెట్టించుకోమని సలహా ఇస్తారు. పాత జీఐ లైన్‌కి మాత్రం పెట్టించకండి. బలహీనమైన జాయింట్లన్నీ అప్పుడు బయటపడతాయి, అదీ గోడ లోపల.

తెరపై: డక్ట్‌లో నిలువు పైపులు, తర్వాత టెర్రస్ మీద గేట్ వాల్వ్.

ఇక పని ఎవరిది, ఖర్చు ఎవరిది? ట్యాంకు నుంచి డక్ట్‌లో, అంటే పైపుల కోసం వదిలిన సందులో, దిగే నిలువు పైపు అన్ని అంతస్తులదీ. 1987 నాటి అపార్ట్‌మెంట్ల చట్టంలో ఉమ్మడి సౌకర్యాల ప్రస్తావన ఉంది. మీ అసోసియేషన్ బైలాస్ కూడా చూసుకోండి. అక్కడి నుంచి టీ కొట్టి మీ గోడలోకి వచ్చిన పైపు ఖర్చు మామూలుగా మీదే. సెక్రటరీ గారితో ముందే మాట్లాడి, టెర్రస్ మీది గేట్ వాల్వ్ పూర్తిగా మూసుకుంటుందో లేదో పని మొదలుపెట్టే ముందు రోజే చూడండి. ఏళ్ల తరబడి తిప్పని వాల్వ్ పట్టేసి ఉంటుంది. అది మూసుకోకపోతే ట్యాంకు ఖాళీ చేయాలి. బిల్డింగ్ మొత్తానికి నీళ్లు ఆగుతాయి, తిట్లు మీకు. ఎలాగూ పని జరుగుతోంది కాబట్టి లైన్ మీ ఫ్లాట్‌లోకి వచ్చేచోట ఒక బాల్ వాల్వ్ పెట్టించుకోండి. ఇకపై టెర్రస్ ఎక్కే పనుండదు.

కొత్త పైపు? నా ఓటు సీపీవీసీకి, అంటే వేడి నీళ్లకూ పనికొచ్చే ప్లాస్టిక్ పైపుకి. గీజర్ వేడిని తట్టుకుంటుంది, తుప్పు పట్టదు, పని తెలిసిన ప్లంబర్లు ఎక్కడైనా దొరుకుతారు. పైపు మీద ఐఎస్ 15778 అని, అంటే సీపీవీసీ పైపుల భారత ప్రమాణం నంబరు, అచ్చు ఉందో లేదో చూడండి. ఎస్‌డీఆర్ అంటే పైపు వ్యాసం దాని గోడ మందానికి ఎన్ని రెట్లో చెప్పే అంకె; అది తగ్గేకొద్దీ పైపు మందం. ఎస్‌డీఆర్ 11 రకం 13.5 కన్నా మందం, గోడలోకి అదే తీసుకోండి. మామూలు యూపీవీసీ వేడి నీళ్లకు పనికిరాదు, ధర తక్కువని ఒప్పుకోవద్దు. కుళాయి బిగించే చోట ఇత్తడి మరలున్న ఫిట్టింగులు, వాటికి టెఫ్లాన్ టేపు. జీఐ రోజుల అలవాటుతో నార చుట్టి సఫేదా (నూనె కలిపిన తెల్ల ముద్ద) పూస్తుంటే ఆపండి. నూనె కలిసిన పూతలు సీపీవీసీని దెబ్బతీస్తాయి.

గోడకి గాడి కొట్టేటప్పుడు పిల్లర్‌నీ బీమునీ ముట్టనివ్వకండి. నాలుగున్నర అంగుళాల గోడలో అడ్డంగా పొడుగ్గా గాడి కొట్టినా గోడ బలం పోతుంది. పైన, ఫాల్స్ సీలింగ్ వెనక అడ్డం పైపు నడిపి, కుళాయి ఉన్నచోట నిలువుగా దించితే సరిపోతుంది. పాత పైపు గోడలోనే ఉండిపోయినా ఫర్వాలేదు, కానీ డక్ట్ దగ్గర కోసి ఎండ్ క్యాప్ వేయాలి.

తెరపై: చేతి పంపు, ప్రెషర్ గేజి. ముల్లు దగ్గరగా.

ఈ వీడియోలో ఒక్కటే గుర్తుంచుకోవాలంటే ఇది గుర్తుంచుకోండి. జాయింట్లు అతికించాక సొల్యూషన్, అంటే పైపులు అతికించే జిగురు, ఆరడానికి ఒక రోజు ఆగండి. గీజర్ తీసేయండి. గీజర్ పాయింట్లు రెండింటినీ ఒక హోస్‌తో కలిపితే వేడి, చల్ల లైన్లు ఒకటవుతాయి. కుళాయి పాయింట్లన్నిటికీ ప్లగ్గులు. ఎత్తుగా ఉన్న పాయింట్ ప్లగ్గు వదులు చేసి గాలి పోనివ్వాలి, లేకపోతే గేజి తప్పు చెబుతుంది. కొత్త బాల్ వాల్వ్ మూసి, చేతి పంపుతో 10 కేజీల వరకు ఎక్కించి కనీసం గంటసేపు ముల్లు చూడండి. కదిలితే ఎక్కడో కారుతోంది. ప్రతి జాయింట్ కింద టిష్యూ పెట్టి చూస్తే తడి ఎక్కడుందో తెలిసిపోతుంది.

"కుళాయి తిప్పి చూశాం, బానే ఉంది సార్" అంటే అది టెస్ట్ కాదు. మేస్త్రీ సిమెంటు కలిపి నిలబడి ఉన్నా సరే, ముల్లు నిలబడేదాకా గోడ మూయనివ్వకండి.

మూసే ముందు ప్రతి గోడనీ టేపు పట్టి ఫోటో తీయండి. నేల నుంచి ఎంత ఎత్తు, మూల నుంచి ఎంత దూరం అనేది కనపడాలి. రేపు అద్దం బిగించేవాడు డ్రిల్లు పెట్టే ముందు అది చూపించవచ్చు. నీళ్లు వదిలాక షవర్ తలకాయ, కుళాయి జాలీలు విప్పి కాసేపు పారనివ్వండి. పని కుదుపుకి డక్ట్‌లోని పాత తుప్పు ఊడి వచ్చి కొత్త కుళాయిల్లో ఇరుక్కుంటుంది.

నేల కూడా తవ్వి ఉంటే వాటర్‌ప్రూఫింగ్ తర్వాత బాత్రూంలో నీళ్లు కట్టి రెండు రోజులు వదిలేయండి. తర్వాత కింది ఫ్లాట్ వాళ్లను అడిగి వాళ్ల బాత్రూం సీలింగ్ చేత్తో తాకి చూడండి. పొడిగా ఉంటేనే టైల్స్ వేయమనండి.