‘తేమ ఉంది’

అధ్యక్షులకు, గుంటూరు మిత్రులకు నమస్కారం. నన్ను పరిచయం చేయడానికే పది నిమిషాలు పట్టింది కాబట్టి, ప్రపంచీకరణ నిర్వచనాలు వదిలేసి నేరుగా పత్తి దగ్గరికి వస్తాను.

2001 చివర్లో మా నాన్న ఈ ఊరికి పత్తి తెచ్చారు. కొనేవాడు బస్తాలో చెయ్యి పెట్టి ‘తేమ ఉంది’ అన్నాడు. వారం రోజులు ఎండబెట్టిన పత్తి అది! రాత్రంతా బండి కింద పడుకుని, తెల్లవారి వాడు చెప్పిన ధరకే ఇచ్చి వచ్చారు. ఆ మనిషిని ఇప్పటికీ తిట్టుకుంటాను. అయితే దోషం వాడిదొక్కడిదే కాదని పాఠాలు చెప్పే వయసులో తెలిసింది. ఆ ఏడు ప్రపంచమంతటా పత్తి ధర సుమారు ముప్ఫై ఏళ్లలో లేనంతగా పడిపోయింది. అమెరికా తన పాతికవేల మంది పత్తి రైతులకు వందల కోట్ల డాలర్లు పంచుతున్న రోజులవి.

ఆ డబ్బు వల్లే ధర పడుతోందని బ్రెజిల్ 2002లో ప్రపంచ వాణిజ్య సంస్థలో అమెరికా మీద కేసు వేసి గెలిచింది. అమెరికా కదల్లేదు. ‘మీ సరకుపై సుంకాలు వేస్తాం, మీ పేటెంట్లనూ పక్కన పెడతాం’ అని బ్రెజిల్ బెదిరించాకే దిగివచ్చింది. ఎలా దిగిందో వినండి: తన రైతులకు ఇచ్చేది ఆపకుండా, బ్రెజిల్ పత్తి రైతులకు కూడా డబ్బు కట్టింది! 2014లో చివరి రాజీకి మరో 30 కోట్ల డాలర్లు. నవ్వకండి. బెనిన్, బుర్కినా ఫాసో, చాద్, మాలి 2003లో అదే గోడు చెప్పుకున్నాయి. ఎదుటివాణ్ని బెదిరించే శక్తి వాటికి లేదు, చర్చలు మిగిలాయి. ఆ సంస్థలో అప్పీళ్లు వినే మండలికి కొత్త సభ్యుల నియామకాన్ని అమెరికా అడ్డుకోవడంతో 2019 డిసెంబరు నుంచి అక్కడ అప్పీలు వినే దిక్కే లేదు.

వెనక వరుసలకు వినిపిస్తోందా? సరే.

పరాయివాళ్లనే అని కూర్చుంటే ఎలా? 2025 ఆగస్టులో అమెరికా మన సరకుపై 50 శాతం సుంకం వేసింది. మన కేంద్రం అదే నెలలో, మిల్లులు నిలబడాలని, దిగుమతి పత్తిపై ఉన్న 11 శాతం సుంకాన్ని ఒక్క నోటిఫికేషనుతో ఎత్తేసింది. పత్తి తీత మొదలవుతుందనగా ఆ మినహాయింపు గడువును ఆ ఏడాది డిసెంబరు 31 దాకా పొడిగించింది. మిల్లుల గోడు ఢిల్లీకి వినిపించింది. మనది? 2025-26 సీజనుకు పొడుగు పింజ పత్తికి మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలన్నారు. తేమ 12 శాతం దాటితే మాత్రం కొనరు. మళ్లీ అదే తేమ!

ఈ సీజనులో పత్తి అమ్మినవాళ్లు చెయ్యెత్తండి. ఆ కిటికీ పక్కన, నీలం చొక్కా బాబాయి గారూ, మీ చీటీ మీద తేమ ఎంత రాశారు?