జగన్నాథుడి రథం ఇంగ్లీషులో ఏమైంది? ఇంగ్లీషు జాతీయాల పరిచయం

(తెరపై: పర్లాకిమిడిలో రథయాత్ర)

నమస్కారం. పర్లాకిమిడి, గుణుపురం, బరంపురం ప్రాంతాల్లో ఇంట్లో తెలుగు మాట్లాడుతూ, బడిలో ఒడియా చదువుతూ, పోటీ పరీక్షల కోసం ఇంగ్లీషు నేర్చుకుంటున్న విద్యార్థులను దృష్టిలో పెట్టుకుని ఈ వీడియో తయారుచేశాం. ఇంగ్లీషు జాతీయాలు కొరుకుడు పడకపోవడానికి కారణం, తెలిసిన పదాలే కలిసి తెలియని అర్థం ఇవ్వడం. మన 'నీళ్లు నమలడం' చూడండి. నీళ్లూ తెలుసు, నమలడమూ తెలుసు. అయినా చెప్పవలసింది చెప్పలేక తటపటాయించడం అనే అర్థం ఆ రెండింటిలో ఎక్కడా కనిపించదు.

ఆలంకారికంగా వాడే మాటల్లో 'జగర్నాట్' మన ఒడిశా నుంచే వెళ్లింది. అది పూరీ జగన్నాథుడి పేరే. భక్తులు రథచక్రాల కింద పడి ప్రాణాలు విడుస్తారని 14వ శతాబ్దంలో ఒడోరిక్ అనే ఇటలీ సన్యాసి రాసిన రాతలు, ఆ తరువాతి యాత్రికుల కథనాలు యూరపులో వ్యాపించడంతో, 19వ శతాబ్దం నాటికి ఇంగ్లీషువాళ్లు ఆ పేరును అడ్డొచ్చినదాన్నల్లా నలిపేస్తూ సాగిపోయే శక్తికి వాడసాగారు. బ్రిటనులో భారీ లారీలను కూడా అలాగే పిలుస్తారు. 16 చక్రాల జగన్నాథుడి రథం నందిఘోష తాడు ఒక్కసారి పట్టుకున్నా చాలు, జన్మ ధన్యమైందనుకునే మనకు ఈ అర్థం బాధ కలిగిస్తుంది. ఆ బాధ న్యాయమైనదే. అయినా, వరుసగా గెలుస్తున్న పార్టీని ఇంగ్లీషు పత్రిక జగర్నాట్ అన్నప్పుడు, ఎవరూ ఆపలేని జోరు అనే అర్థాన్నే తీసుకోవాలి.

(తెరపై: పాత కాలపు యుద్ధనౌక, దుర్భిణి)

'టర్న్ ఎ బ్లైండ్ ఐ' అనే జాతీయానికి బ్రిటిష్ నౌకాదళ నాయకుడు నెల్సన్ కథను ముడిపెడతారు. 1801లో కోపెన్‌హాగన్ యుద్ధంలో పోరు ఆపమని పై అధికారి సంకేతం ఇవ్వగా, అప్పటికే కుడికన్ను చూపు పోగొట్టుకున్న నెల్సన్ దుర్భిణిని ఆ కంటికే ఆనించి, సంకేతం కనిపించడం లేదన్నాడని చెబుతారు. కథ నిజానిజాలు ఎలా ఉన్నా, చూసీ చూడనట్టు ఊరుకోవడం అనే అర్థం దానివల్ల మనసులో నిలిచిపోతుంది.

'బీట్ అరౌండ్ ది బుష్'కు మన డొంకతిరుగుడు మాట చక్కగా సరిపోతుంది. 'క్రోకడైల్ టియర్స్' అంటే మొసలి కన్నీరే. 'రెయినింగ్ క్యాట్స్ అండ్ డాగ్స్' అంటే కుండపోత వాన. గడ్డి కప్పుల మీద పడుకున్న కుక్కలూ పిల్లులూ వానకు జారిపడేవన్న కథకు మాత్రం ఆధారం లేదు.

అర్థం తెలిసినంత మాత్రాన జాతీయాన్ని వాడలేం, ఎందుకంటే ఎవరి దగ్గర వాడుతున్నామన్నది కూడా ముఖ్యం. 'కిక్ ది బకెట్' అంటే చనిపోవడం. మనవాళ్లూ 'బాల్చీ తన్నేశాడు' అంటారు గానీ, ఇంటి పెద్దాయన విషయంలో 'కాలం చేశారు' అనే అంటారు. సెలవు చీటీలోనో సంతాప లేఖలోనో 'పాస్డ్ అవే' అని రాయడమే మర్యాద.

జాతీయం రూపాన్ని కూడా ఇష్టమొచ్చినట్టు మార్చకూడదు. కాలాన్ని బట్టి 'కిక్'ను 'కిక్డ్' చేయవచ్చు. అదే వాక్యాన్ని కర్మణి ప్రయోగంలోకి తిప్పి 'ది బకెట్ వాజ్ కిక్డ్' అన్నారంటే చావు అనే అర్థం పోయి, ఎవరో నిజంగానే బకెట్‌ను తన్నారన్న అర్థం వస్తుంది. అందువల్ల కొత్త జాతీయం కనిపించినప్పుడు విడి మాటలను కాకుండా పూర్తి వాక్యాన్ని, ఎవరు ఎవరితో ఏ సందర్భంలో అన్నారో సహా నోటుబుక్కులో రాసుకోండి.