ఇంకు మనది, చిప్పు ఎవరిది? చెన్నై స్టూడియో చర్చ

(తెలుగు చర్చా కార్యక్రమానికి రాతప్రతి. ఒకరి మాట మీద ఒకరు పడ్డచోట చెవికి అందినంతే రాశాం.)

మోడరేటర్: నమస్కారం. పిల్లలకు ప్రాజెక్టులు, హాల్ టికెట్లు ప్రింట్ తీసుకునే రోజులివి. సరిగ్గా ఇప్పుడే కొన్ని ప్రింటర్లు అప్‌డేట్ తీసుకున్న మర్నాడు బయటి కార్ట్రిడ్జిని, అంటే వేరేవాళ్లు చేసిన ఇంకు డబ్బాని, వద్దంటున్నాయి. ముగ్గురికీ సమానంగా టైమిస్తాను. మొదటి ప్రశ్న సూటిగా: ఓ ప్రింటరు కంపెనీ అధిపతి అన్నట్టు బయటి కార్ట్రిడ్జిలోంచి కంప్యూటర్ వైరస్ వస్తుందా?

షాపు యజమాని: వైరస్ తర్వాత సార్, ముందు నా గోడు వినండి. ఇన్నేళ్లుగా మన చెన్నై ఎలక్ట్రానిక్స్ బజారు రిచీ స్ట్రీట్‌లో టోనర్, అదే లేజర్ ప్రింటర్ల పొడి ఇంకు, నింపుతున్నా. 12ఎ అనే టోనర్ డబ్బా గుర్తుందా? హెచ్‌పీ లేజర్‌జెట్ 1020లో వేసేది. దానికి చిప్పే లేదు! డబ్బా విప్పి, పాత పొడి దులిపి, డ్రమ్ము తుడిచి, కొత్త పొడి పోసిస్తే మళ్లీ రెండు వేల పేజీల దాకా లాగేది. మా దగ్గరికొచ్చే ఆడిటర్లందరూ దాంతోనే నెట్టుకొచ్చారు. ఇప్పుడేమో డబ్బాకు గోరంత చిప్పు పెట్టి, అది కంపెనీది కాకపోతే ప్రింటరే వద్దనేలా చేసి...

సర్వీసు ఇంజనీరు: ఊరికే పెట్టలేదన్నా. ఇంకు ఎంత మిగిలిందో తెలియాలి కదా...

షాపు యజమాని: చిప్పు లోపలికి తొంగి చూస్తుందా? చూడదు! ఎంత చిమ్మిందో లెక్కేసుకుని, ఇక అయిపోయుంటుందిలే అనుకుంటుంది. అడుగున ఇంకున్నా ఖాళీ అంటుంది.

ఇంజనీరు: చాలావాటిలో అంచనాయే, కాదనను. కానీ ఇంకు చిమ్మే రంధ్రం, నాజిల్, వెంట్రుక కన్నా సన్నం. పిగ్మెంట్ ఇంకులో రేణువులుంటాయి. కరిగిపోయే రంగుతో చేసే డై ఇంకు కోసం తయారైన హెడ్డులో, అంటే నాజిళ్లుండే భాగంలో, అది పోస్తే పూడుకుపోవచ్చు. హెడ్డు ప్రింటరులోనే ఉండే మోడల్ అయితే, దాన్ని మార్చే బదులు కొత్త ప్రింటరు కొనుక్కోవడమే...

షాపు యజమాని: హెడ్డు కార్ట్రిడ్జికే ఉంటే? పోతే కార్ట్రిడ్జి పోతుంది, ప్రింటరుకేం నష్టం? మరి వాటినెందుకు ఆపుతున్నారు? చెప్పండి!

ఇంజనీరు: అదే చెప్పబోతున్నా...

మోడరేటర్: ఒక్క నిమిషం. వైరస్ సంగతి అందరూ మర్చిపోతున్నారు. 2024 జనవరిలో అప్పటి హెచ్‌పీ అధిపతి ఎన్రిక్ లోరెస్ టీవీలోనే చెప్పారు కదా, కార్ట్రిడ్జి ద్వారా వైరస్ ప్రింటరులోకి, అక్కణ్నుంచి నెట్‌వర్క్‌లోకి వెళ్లొచ్చని. మేడమ్?

న్యాయవాది: చెప్పారండీ. లోపాలు పట్టిచ్చినవాళ్లకు ఆ కంపెనీ బహుమతులిస్తుంది. అలా పరిశోధకులు పట్టుకున్నదే అది. మీ ఇంట్లో, మా ఇంట్లో జరిగిందని కాదు. నేను అడిగేది ఒక్కటే. కొన్నప్పుడు ఒక షరతు, కొన్నాక అప్‌డేట్ పేరుతో ఇంకో షరతు పెట్టొచ్చా? 2016 సెప్టెంబరులో హెచ్‌పీ ఆఫీస్‌జెట్ ప్రింటర్లు అలాగే బయటి కార్ట్రిడ్జిలను తిప్పికొట్టాయి. అమెరికాలో కేసు వేశారు. 2018లో 15 లక్షల డాలర్లకు రాజీ...

షాపు యజమాని: అద్గదీ! తప్పు చేయకపోతే డబ్బెందుకిస్తారు?

న్యాయవాది: రాజీ పడితే తప్పు ఒప్పుకున్నట్టు కాదండీ. మన దగ్గరేమో...

షాపు యజమాని: ఇంకోటి వినండి మేడమ్. 2022లో చిప్పుల కొరత వచ్చింది. జర్మనీలో కానన్ వాళ్లే చిప్పు లేని టోనర్లు పంపారు. హెచ్చరిక వస్తే ఇలా దాటేయండని వాళ్లే నేర్పారు! మరి చిప్పుంటేనే నాణ్యత అని ఇన్నాళ్లూ చెప్పిన మాట ఏమైంది? తాటిచెట్టు ఎందుకెక్కావంటే దూడగడ్డి కోసమన్నట్టుంది.

మోడరేటర్: (నవ్వుతూ) బాగా చెప్పారు.

ఇంజనీరు: ఆ టోనర్ కంపెనీదే కదన్నా! చిప్పు లేకపోయినా పొడి అదే. నాకు ఒక్కదానికి జవాబు చెప్పండి. కంపాటిబుల్, అంటే వేరేవాళ్లు చేసినా ఈ ప్రింటరుకు సరిపోతుంది, అని రాసి అమ్మితే నాకే అభ్యంతరమూ లేదు. కంపెనీ పేరు, స్టిక్కరు అతికించిన డూప్లికేట్ డబ్బాలు మీ వీధిలో దొరుకుతాయా, లేదా?

షాపు యజమాని: వీధి నాదా సార్? మా నాన్న అక్కడ రేడియో వాల్వులు అమ్మేవాడు. మౌంట్ రోడ్డు నుంచి నడిచి...

మోడరేటర్: వాల్వు రేడియోనా! మా తాతగారింట్లో ఉండేది. అది వేడెక్కేదాకా వార్తలు వినపడేవి కావు.

షాపు యజమాని: అవును సార్! అప్పుడు ఏ వాల్వు వేసుకోవాలో కంపెనీ వచ్చి చెప్పిందా?

(ఇక్కడ దాదాపు రెండు నిమిషాలు రేడియోల మీదే గడిచింది.)

ఇంజనీరు: నా ప్రశ్నకు జవాబు...

మోడరేటర్: వస్తాను, వస్తాను. మేడమ్, క్లుప్తంగా.

న్యాయవాది: మన దగ్గర దారి లేకపోలేదు. కార్ల విడిభాగాలు బయట దొరకనివ్వడం లేదని 2014లో వ్యాపారంలో పోటీని కాపాడే ప్రభుత్వ సంస్థ, కాంపిటీషన్ కమిషన్, 14 కార్ల కంపెనీలకు 2,544 కోట్ల రూపాయల జరిమానా వేసింది. ఆ తర్కం చిప్పులకూ పట్టుతుందేమో చూడాలి. 2022 డిసెంబరులో ప్రభుత్వం రైట్ టు రిపేర్, అంటే కొన్న వస్తువును బాగుచేయించుకునే హక్కు, పోర్టల్ తెరిచింది. వ్యవసాయ యంత్రాలు, మొబైళ్లు-ఎలక్ట్రానిక్స్, గృహోపకరణాలు, వాహనాలు అని నాలుగు రంగాలు పెట్టారు. అయినా ప్రింటరు పెట్టె మీదే పెద్ద అక్షరాల్లో రాయాలి, ఇందులో...

షాపు యజమాని: ఏమీ రాయక్కర్లేదు మేడమ్, చిప్పు తీసేస్తే సరి! ట్యాంకు ప్రింటర్లలో సీసాతో పోసుకోవడం లేదూ? వాళ్లే అమ్ముతున్నారుగా!

ఇంజనీరు: వాటికి ముందే ఎక్కువ ధర పెట్టి కొంటున్నారు. ఇక్కడ ప్రింటరు చవగ్గా ఇచ్చి, లాభం ఇంకులో...

షాపు యజమాని: ఒప్పుకున్నారు! లాభం ఇంకులో! రాసుకోండి సార్!

(ముగ్గురూ ఒకేసారి మాట్లాడారు. షాపు యజమాని గొంతే వినపడింది.)

మోడరేటర్: సరే, సరే. చివరిగా ఇంజనీరుగారూ, అవునా కాదా చెప్పండి. వైరస్?

ఇంజనీరు: అవును, కాదు అని తేల్చేది కాదండీ. ముందు ఆ డూప్లికేట్ డబ్బాల సంగతి...

మోడరేటర్: టైమైపోయింది. మూడు పక్షాలూ విన్నాం. సామాన్యుడి గొంతు బలంగా వినిపించింది.

షాపు యజమాని: సార్, షాపు నంబరు చెప్పొచ్చా?

మోడరేటర్: నంబర్లు వద్దండీ.

షాపు యజమాని: రిచీ స్ట్రీట్‌లోకి వచ్చి టోనర్ అంటే చాలు, ఎవరైనా చూపిస్తారు...

(ఇంజనీరు పెదవులు కదులుతున్నాయి. మైకు అప్పటికే కట్టేశారు.)