కరెన్‌ను మ్యాట్ ఎలా క్షమించాడు?

అందరికీ వందనాలండీ. ఈరోజు ఒక కామిక్ పుస్తకం గురించి మాట్లాడుకుందాం.

మన సంఘాల్లో చాలామంది పెద్దవాళ్లకి కామిక్స్ అంటే పెద్దగా గిట్టదు. పిల్లలు కొట్లాటలు నేర్చుకుంటారని భయం. ఆ భయాన్ని నేను కొట్టిపారేయను. కానీ క్షమించడానికి ఎంత ఖర్చవుతుందో నాకు కళ్లకు కట్టినట్టు చూపించిన కథల్లో ఒకటి 1986లో వచ్చిన డేర్‌డెవిల్ కథ, ‘బార్న్ అగైన్’. రాసింది ఫ్రాంక్ మిల్లర్, బొమ్మలు వేసింది డేవిడ్ మజుకెల్లి.

డేర్‌డెవిల్ తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. అసలు పేరు మ్యాట్ మర్డాక్. చిన్నప్పుడు ఒక ముసలాయన్ని లారీ కింద పడకుండా కాపాడబోయి చూపు పోగొట్టుకున్నాడు, కానీ వినికిడి మాత్రం మామూలు మనిషికి మించి పదునెక్కింది. పెద్దయ్యాక న్యూయార్క్‌లో లాయర్. రాత్రిళ్లు ముసుగు వేసుకుని తన పేటను కాపాడుతుంటాడు. క్యాథలిక్ విశ్వాసి. స్నేహితుడు ఫాగీ నెల్సన్‌తో కలిసి నడిపిన ఆఫీసులో ఒకప్పుడు సెక్రటరీగా చేసిన అమ్మాయి కరెన్ పేజ్. మ్యాట్ ఆమెను ప్రేమించాడు, తన రహస్యం కూడా చెప్పాడు.

సినిమాల్లో వెలగాలని వెళ్లిన కరెన్ చివరికి మెక్సికోలో హెరాయిన్‌కి బానిసైపోతుంది. ఒక్క డోసు కోసం డేర్‌డెవిల్ ఎవరో చెప్పేస్తుంది. ఆ పేరు చేతులు మారి మారి కింగ్‌పిన్ అనే నేరసామ్రాట్టు దగ్గరికి చేరుతుంది. అక్కడి నుంచి మ్యాట్ బతుకు కూలిపోతుంది. బ్యాంకు ఖాతా స్తంభించిపోతుంది, లాయర్ లైసెన్సు పోతుంది, ఉన్న ఇల్లు పేలిపోతుంది.

ఇక్కడ ఫాగీ గురించి ఒక మాట. కోర్టులో మ్యాట్ తరఫున నిలబడి, జైలు తప్పించింది అతనే. మ్యాట్ మాత్రం మతి చెదిరి, ఆ ఫాగీనే అనుమానిస్తాడు. దుర్దశలో స్నేహితుడు సహోదరుడుగా ఉంటాడని సామెతలు 17:17లో చదువుతాం కదా. ఆ సహోదరుణ్ణి కూడా శత్రువుగా చూసేంత దెబ్బ తగలొచ్చు మనిషికి. మనల్ని అనుమానించిన స్నేహితుడి మీద కోపం తెచ్చుకునే ముందు, అతను ఏ స్థితిలో ఉన్నాడో చూడాలనిపిస్తుంది నాకు.

చావు అంచుకు వెళ్లిన మ్యాట్‌ని మ్యాగీ అనే ఒక నన్ చేరదీస్తుంది. మంచం పక్కన మోకరించి అతని ప్రాణం కోసం ప్రార్థిస్తుంది. నువ్వు మా అమ్మవా అని అడుగుతాడు. కాదంటుంది. కానీ గుండె చప్పుడు వినగలవాడు కదా, అది అబద్ధమని తెలిసిపోతుంది. అయినా నిలదీయడు. నాకు చాలా ఇష్టమైన ఘట్టం ఇది.

ఇక కరెన్. తన్నులు తిని, ప్రాణభయంతో న్యూయార్క్ చేరుతుంది. మ్యాట్ ఎదురుపడతాడు. పోగొట్టుకున్నవన్నీ లెక్కగట్టి అడిగే హక్కు అతనికి ఉంది. అతను లెక్క తియ్యడు. ఆమెను దగ్గరికి తీసుకుంటాడు. తర్వాత వచ్చే పేజీలే నాకు ఇంకా ముఖ్యం. మత్తు మానేటప్పుడు ఆమె పడే నరకయాతనలో పక్కనే ఉంటాడు. ఒకప్పటి పేరున్న లాయర్, ఇప్పుడు చిన్న హోటల్లో వంట చేస్తూ ఆమెతో కలిసి బీదగా బతుకుతాడు. క్షమించినంత మాత్రాన పోయిన ఇల్లు తిరిగి రాలేదు. ఆమె చేసినదాని బిల్లు అతనే కట్టాడు. సిలువ దగ్గర జరిగిందీ ఇదే కదండీ.

ఈ కథ చదివినప్పుడల్లా నాకు గుర్తొచ్చేది యేసు శిష్యుడు పేతురు. ప్రధానయాజకుడి ఇంటి ముంగిట బొగ్గుల నిప్పు దగ్గర చలి కాచుకుంటూ, యేసు ఎవరో నాకు తెలియదన్నాడు. యోహాను సువార్త 21లో తిబెరియ సముద్రం ఒడ్డున మళ్లీ బొగ్గుల నిప్పు కనిపిస్తుంది. దానిమీద చేపలు, పక్కన రొట్టె. యేసు ముందు రండి, భోజనం చేయండి అంటాడు. నన్ను ప్రేమిస్తున్నావా అన్న ప్రశ్న, వాళ్లు తిన్నాకే. మూడుసార్లు కాదన్నవాణ్ణి మూడుసార్లు అడుగుతాడు. అంటే తప్పు జరగనట్టు నటించలేదు. ఆకలి తీర్చాక ఆ గాయం దగ్గరికి వెళ్లాడు.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. ఇంట్లో కొట్టే భర్తని ‘క్షమించి సర్దుకుపో’ అని ఆడపిల్లలకి చెప్పేవాళ్లున్నారు. ఈ కథని దానికి వాడుకోవద్దు. మ్యాట్ కరెన్‌ని దగ్గరికి తీసుకున్నాడు, కింగ్‌పిన్‌ని మాత్రం వదిలెయ్యలేదు. అతని నేరాలు లోకానికి తెలిసేలా చేశాడు. చంపలేదు, అంతే. పగ తీర్చడం నా పని అని దేవుడు అంటున్నాడు, రోమా 12:19. నేరం చేస్తూనే ఉన్నవాణ్ణి ఆపడం పగ తీర్చుకోవడం కిందికి రాదు.

పుస్తకం దొరికితే చదవండి. కానీ చిన్నపిల్లల చేతికి ఇవ్వకండి, డ్రగ్స్, హింస బాగానే ఉన్నాయి. యూత్ మీటింగ్‌లో పెద్ద పిల్లలతో అయితే దీన్నీ, యోహాను 21నీ పక్కపక్కన పెట్టి చదివించండి. కరెన్ స్థానంలో ఉంటే మ్యాట్ ముందుకి రాగలిగేవాళ్లా అని అడగండి. క్షమించడం గురించి మనం బాగానే మాట్లాడతాం. క్షమించమని వచ్చి నిలబడటానికి ఎంత ధైర్యం కావాలో, ఆ ప్రశ్న దగ్గర వాళ్లు మాట్లాడటం మొదలుపెడతారు.